ఆదివారం తిప్పిన ఇంజన్

ఫిబ్రవరి, రెండో ఆదివారం. ఉదయం తొమ్మిదిన్నర. జనక్‌పురిలో ఆయన ఫ్లాటు ముందు, పార్కింగులో.

హాజరైనవారు: నోయిడా నుంచి ఆయన కూతురు. మాయాపురి నుంచి మెకానిక్, అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆయన. డెహ్రాడూన్ నుంచి బండి కొనడానికి వచ్చిన యువకుడు. నేను.

రానివారు: బండి యజమాని. ఆయన పోయి ఆ రోజుకు ముప్పై ఆరు రోజులు.

ఆ రోజు డైరీ పేజీ ఇలాగే మొదలైంది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో మూడు దశాబ్దాలు మీటింగుల మినిట్స్ రాసిన చెయ్యి నాది. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాయకుండా ముందుకు కదలదు. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. తలుపు మీద నేమ్‌ప్లేటు కూడా పెట్టుకోని మనిషి. "పేరెందుకప్పా, కింద బండి నిలబడుంటాది గదా, అది చూసుకొని వస్తారు" అనేవారు. నిజమే. ఆయన ఇంటికి దారి చెప్పాలంటే అందరం బండినే చెప్పేవాళ్ళం. కాలనీ పిల్లలకు ఆయన గాడీవాలే అంకుల్.

బండి అరవైల చివరినాటి ఫియట్. పావురం మెడ రంగు. గేరు కింద కాకుండా స్టీరింగు పక్కనే ఉంటుంది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక పెద్ద ఆఫీసరు దగ్గర ఆయన దాన్ని కొన్నారు. అప్పుడు మేమిద్దరం ఆర్.కె. పురం క్వార్టర్లలో ఒకే బ్లాకులో ఉండేవాళ్ళం. వాళ్ళది కింది అంతస్తు, మాది దాని పైది. ఆయనది అనంతపురం వైపు, నాది తెనాలి. ఆయన వేరే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. కోపమొస్తే మాట్లాడేవారు కాదు. ఆ పెన్సిలు తీసి చెక్కేవారు. ములుకు సూదిలా అయ్యేదాకా చెక్కి మళ్ళీ చెవి మీద పెట్టుకునేవారు. అప్పటికి కోపం పోయేది.

బండి దగ్గరికి వెళ్ళగానే ముందు అరచెయ్యి తిరగేసి బానెట్ మీద పెట్టేవారు, పిల్లవాడికి జ్వరం చూసినట్టు. ఇంజన్ స్టార్టయింది అనేవారు కాదు, "లేచింది" అనేవారు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే, "మెల్లగప్పా, దానికీ చెవులుండాయి" అనేవారు. ఇంజన్ ఆడుతున్నప్పుడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి తీసి, దాని కొన ఇంజన్‌కు ఆనించి, పిడి తన చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. డాక్టరు గుండె విన్నట్టే. ఆ సమయంలో మనం ఏమడిగినా జవాబు రాదు.

నన్ను డైరీ సారు అనేవారు. "ఏం డైరీ సారూ, నిన్న నేను దగ్గింది రాసినావా?"

"రాశానండీ. రెండుసార్లు."

"మూడు. ఒకటి నీకు ఇనపడలేదు."

ఆయన భార్యకు మూత్రపిండాలు చెడిపోయిన కాలం అది. వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఒక మే నెల మధ్యాహ్నం ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నేనూ తోడు వెళ్ళాను. ఆమె వెనక సీట్లో పడుకుంది. నేను ముందు సీట్లో ఆమె రిపోర్టుల ఫైలు పట్టుకుని కూర్చున్నాను. రింగురోడ్డు మీద బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది, తర్వాత ఒక దెబ్బలాంటి చప్పుడు. బండి ఆగిపోయింది. ఇంజన్ బ్లాకు, అంటే దాని ఇనుప దిమ్మ, పగిలిందని తర్వాత తెలిసింది. ఆ ఎండలో ఒక్క ఆటో ఆగలేదు. చివరికి ఒక టెంపో డ్రైవరు ఆగి, తాడు కట్టి, ఆసుపత్రి గేటు దాకా మమ్మల్ని లాక్కెళ్ళాడు. ఆయన స్టీరింగు పట్టుకుని రెప్ప వేయకుండా ముందున్న తాడునే చూస్తూ కూర్చున్నారు.

గేటు దగ్గర ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంటే, ఆమె బండి వైపు చూసి అంది: "ఇదో, దాన్ని గూడా అడ్మిట్ చేయించండి. రెండు మంచాలు కావాలని చెప్పండి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆమెను లోపలికి పంపి బయటికి వచ్చి, టెంపో తాడు విప్పి, చుట్టలు చుట్టలుగా చక్కగా చుట్టి డ్రైవరు చేతిలో పెట్టారు. అప్పుడు నాతో అన్నారు: "తోలుకొని రావాల్సింది. లాక్కొని వచ్చినాము." ఆ తర్వాత ఆ మాట ఆయనకు ఊతపదమైపోయింది. ఎక్కడైనా బండికి తాడు కట్టి లాగుతుంటే ముఖం తిప్పుకునేవారు. "తోలాల. లాగగూడదు."

ఆ వారంలోనే బండికి వేరే ఇంజన్ వేయించారు. ఎవరిదో పాత బండిలోంచి తీసిన ఇంజన్. ఇంకో డయాలిసిస్ తప్పకూడదు, ఆలోచించుకునే సమయం లేదు. పాత ఇంజన్ తమకు వదిలేసి పొమ్మన్నారట మెకానిక్కులు. ఆయన వదల్లేదు. సామాన్ల రిక్షాలో వేయించుకుని ఇంటికి తెచ్చారు.

మంచం మీద నుంచి ఆమె అడిగింది: "దాన్నెందుకు తెచ్చినారు?"

"నీకు తోడుగా ఉంటాదని."

"అట్లయితే దానికి చెప్పండి, ముందు పేషెంటు నేను. నాకు బాగయినాక దానికి బాగు చేయిస్తారని."

వెనక వరండాలో చెక్కపెట్టె ఒకటి విప్పి దానికో పీట చేశారు. దాని మీద ఇంజన్‌ను నిలబెట్టారు. ఆమె పాత నూలు చీర ఒకటి మడతపెట్టి పైన కప్పారు. మొదటి ఆదివారం నుంచే మొదలైంది ఆయన పని. ఉదయం ఎనిమిదికి చీర తీసేవారు. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో ఒక్కో చెంచా నూనె పోసేవారు. ముందువైపు ఉన్న పెద్ద బోల్టుకు స్పానరు తగిలించి నెమ్మదిగా రెండు చుట్లు తిప్పేవారు. లోపల తుప్పు పట్టి బిగుసుకుపోకుండా ఉండాలంటే అలా తిప్పుతూ ఉండాలట. తర్వాత ప్లగ్గులు బిగించి మళ్ళీ చీర కప్పేవారు.

ఒకసారి నేను దిగివెళ్ళి స్పానరు పట్టుకుంటే ఆపేశారు. "ఆ పక్కకు గాదు. గడియారం ముల్లు తిరిగే పక్కకే. వెనక్కి తిప్పగూడదప్పా."

"తిప్పితే ఏమవుతుందండీ?"

"ఏమైతాదో నాకూ తెల్దు. ఎప్పుడూ తిప్పలేదు."

నేను పైన బాల్కనీలో కూర్చుని డైరీ రాసుకునే వేళ అది. కింద ఆయన తిప్పడం కనబడేది. ఏదో ఒకటి రాయాలి కాబట్టి అదీ రాసేవాణ్ణి. మొదట్లో పూర్తి వాక్యం రాశాను. తర్వాత కుదించాను. ఇం. తి. అంటే ఇంజన్ తిప్పారు.

ఆమె రెండేళ్ళు బతికింది. ఆమెకు బాగవలేదు. దహనం జరిగిన నాలుగో రోజు ఆదివారం. ఆ ఉదయం బాల్కనీలోకి రావడానికి నాకు మనసొప్పలేదు. అయినా వచ్చాను. ఆయన చీర తీసి, ప్లగ్గులు విప్పి, నూనె పోసి, తిప్పారు. చీర మళ్ళీ కప్పబోయి, దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆ రోజు పేజీలో కూడా అవే రెండక్షరాలు ఉన్నాయి.

రిటైరయ్యాక ఆయన జనక్‌పురిలో కింది అంతస్తు ఫ్లాటు కొనుక్కున్నారు. నేను అంతకు కొద్ది రోజుల ముందే రెండు వీధుల అవతలికి మారాను; ఇక ఆదివారం ఉదయాలు డైరీ పట్టుకుని ఆయన ఇంటికే వెళ్ళేవాణ్ణి. సామాను లారీలో వెళ్ళింది, ఇంజన్ మాత్రం వెళ్ళలేదు. దాన్ని ఫియట్ వెనక సీట్లో పెట్టి, చీర కప్పి, తాళ్ళతో కట్టారు. తన బండిలో తనే ప్యాసింజరు. నేను ముందు సీట్లో తులసి కుండీ పట్టుకుని కూర్చున్నాను. దారిలో ట్రాఫిక్ పోలీసు ఆపి చీర ఎత్తి చూశాడు.

"యే క్యా హై?"

"ఇంజన్ హై," అన్నారు ఆయన.

"తో ఆగే క్యా హై?" అని బానెట్ వైపు చూపించాడు.

"వో భీ ఇంజన్ హై."

"దో దో ఇంజన్? గాడీ హై యా రైల్ గాడీ?" రెండేసి ఇంజన్లుంటే ఇది కారా, రైలా అని.

ఆమె పోయాక ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను మొదటిసారి చూసింది ఆ సిగ్నలు దగ్గరే.

మాయాపురి పాత సామాన్ల బజారు పక్కనే కావడంతో ఉస్తాద్ దొరికాడు. బ్లాకు పగులు చూసి, దీన్ని కుట్టొచ్చు అన్నాడట. ఇనుముకు కుట్టేమిటని నేను నమ్మలేదు. పగులు వెంట చిన్న చిన్న మరలు ఒకదాన్నొకటి తాకేలా వరసగా బిగించి, నిజంగానే బట్ట కుట్టినట్టు కుట్టాడు. నాలుగు నెలలు పట్టింది. పదకొండేళ్ళు పీట మీద కూర్చున్న ఇంజన్ తన చోటికి వెళ్ళింది. అది లేచిన రోజు ఆయన స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నారు. తర్వాత పిడి నా చేతికిచ్చారు.

"ఇనపడతాండాదా?"

"చప్పుడు వినిపిస్తోందండీ."

"దగ్గు ఉండాదా?"

"లేదండీ."

"అదే ఇనాల్సింది."

కొన్నేళ్ళు ఆ బండిలో తిరిగారు. కూరగాయలకు, లైబ్రరీకి, బ్యాంకుకు. తర్వాత ఢిల్లీలో పాత బండ్లు రోడ్డెక్కకూడదన్న నిబంధన గట్టిగా అమలవుతూ వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి రోడ్డు మీద కనబడితే పట్టుకుని లాక్కెళ్ళి తుక్కుకు పంపుతున్నారు. ఆయన బండి తీయడం మానేశారు. తుక్కు కంటే ఆ లాక్కెళ్ళడమే ఆయనను భయపెట్టింది.

ఒక దారి ఉంది. యాభై ఏళ్ళు దాటిన బండి అసలు ఇంజన్‌తో, అసలు రూపంతో ఉంటే వింటేజ్ బండిగా వేరే రిజిస్ట్రేషన్ ఇస్తారు. అది వస్తే బండి ఇక్కడే బతుకుతుంది. ఆయన ఫారం తీసుకుని మా ఇంటికి వచ్చారు. ఇంజన్ నంబరు, పాత రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్న నంబరు ఒకటే. బండి అసలు రూపంలో ఉందని కింద ఒక డిక్లరేషన్. సంతకం పెడితే అయిపోతుంది.

మధ్యలో వేరే ఇంజన్ వేసిన సంగతి ఆ పుస్తకంలో లేదు. ఆసుపత్రి హడావుడిలో ఆయన నమోదు చేయించలేదు. ప్రపంచంలో ఏ కాగితం మీదా ఆ సంగతి లేదు, నా డైరీలో తప్ప.

"సంతకం మీద ఇచ్చే మాట ఇది," అన్నాను. "పదకొండేళ్ళు ఇంజన్ బయట ఉంది కదండీ. అడక్కముందే మనం చెబితే మంచిది. తేదీలు నా దగ్గరున్నాయి. ఒక పేజీ నోటు జతచేద్దాం."

నా ఉద్యోగమంతా అలాగే నడిచింది. జరిగింది ఫైలులో ఉండాలి. దాచిన కాగితం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, ముందే పెట్టిన కాగితం కాపాడుతుంది. నేను దాన్ని ఆయనకు సాయమనే అనుకున్నాను.

ఆయన చెవి మీది పెన్సిలు తీశారు. చెక్కలేదు. కాసేపు వేళ్ళ మధ్య దొర్లించి, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నారు. "సరేప్పా. నువ్వు రాస్తే సరిగానే ఉంటాది," అన్నారు. నేను రాశాను. ఇంజన్ తీసిన తేదీ, తిరిగి పెట్టిన తేదీ. ఆయన సంతకం పెట్టారు.

కౌంటరులో గుమస్తా కాగితాలకు ముద్ర వేశాక నోటు చదివాడు. తలెత్తి నన్ను చూశాడు. "అంకుల్‌జీ, అన్నీ సరిపోయాయి కదా. ఈ పేజీ పెట్టమని మిమ్మల్ని ఎవరడిగారు?" నేను చెయ్యి చాపాను, ఆ పేజీ తిరిగి ఇచ్చేస్తాడేమోనని. ముద్ర పడ్డ కాగితం తిరిగి ఇవ్వకూడదు. ఆ రూలు నాకూ తెలుసు.

మూడు నెలల తర్వాత జవాబు వచ్చింది. ఇంజన్ మార్చినట్టు దరఖాస్తుదారుడే ఒప్పుకున్నందున కుదరదు. ఆ ఉత్తరం ఆయన ఇంట్లో నేనే చదివి వినిపించాను. చదివాక తల ఎత్తలేకపోయాను.

"నువ్వు రాసింది అబద్ధం గాదు గదప్పా," అన్నారు. తర్వాత, "టీ తాగుతావా?"

ఆ మీదట ఆయన ఆ ఊసు ఎత్తలేదు. ఆదివారాలు పార్కింగులోనే పది నిమిషాలు ఇంజన్ లేపేవారు. పై అంతస్తు ఆవిడ పొగ వస్తోందంటే ఐదు నిమిషాలు చేశారు. చలికాలం వచ్చి ఊరంతా పొగమంచు కమ్మాక, "ఇంగ మనం గూడా ఎందుకు?" అని లేపడం మానేశారు. ముందు బంపరు దగ్గరి రంధ్రంలో హ్యాండిల్ పెట్టి, చేత్తో రెండు చుట్లు తిప్పి వదిలేసేవారు. నేను మళ్ళీ ఇం. తి. అని రాయడం మొదలుపెట్టాను.

జనవరిలో ఒక శనివారం ఆయన పోయారు. మర్నాటి పేజీలో అన్నీ ఉన్నాయి. ఎవరెవరు వచ్చారు, నిప్పు ఎన్ని గంటలకు పెట్టారు, కూతురు ఏం తింది. ఆ రెండక్షరాలు లేవు.

మళ్ళీ ఫిబ్రవరి ఆదివారానికి వస్తాను. డెహ్రాడూన్ యువకుడు మర్యాదస్తుడు. అక్కడ చిన్న హోటలు నడుపుతాడు. బండిని చుట్టూ తిరిగి చూసి, బానెట్ ఎత్తి, ఆయన ఫైలు తిరగేశాడు. నా నోటు దగ్గర ఆగాడు.

"ఇది మీరు రాశారా అంకుల్? ఇంత నిజాయితీగా ఎవరూ రాయరు. నా పని తేలికైంది," అన్నాడు హిందీలో. "అసలు ఇంజన్ అయితే ముట్టుకోవడానికి చెయ్యి రాదు. ఎలాగూ మధ్యలో మార్చారు కదా, నేను కొత్త ఇంజన్ వేస్తాను. మస్సూరీ రోడ్డు ఎక్కాలి. దీన్ని ఇక్కడే వదిలేస్తాను. రేపు ఉదయం ట్రక్కు వస్తుంది. దానికి ముందే విప్పించండి."

ఆయన కూతురు నా వైపు చూసింది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం కొంచెమే. "అంకుల్, ముఝే కుఛ్ సమఝ్ నహీ ఆతా, ఏం అర్థం కావట్లేదు. బండి ఎవరో ఒకరి ఇంటికి వెళ్తే చాలు అనుకున్నా. ఇంజన్ నేను ఫ్లాట్‌లో ఎక్కడ పెట్టను? నైన్త్ ఫ్లోర్. మీరే చెప్పండి నా, ఏం చేయాలి?"

"ఇక్కడ వదిలితే ఏమవుతుంది?" అని ఉస్తాద్‌ను అడిగాను.

"మా గల్లీకి వస్తుంది సాహబ్. మధ్యాహ్నానికి సుత్తి దెబ్బలు, సాయంత్రానికి కొలిమి. ఇనుమే కదా."

ఈ ఒక్క రోజు ఇంజన్‌ను విప్పకుండా ఉంచమన్నాను. యువకుడు సరేనన్నాడు.

చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వచ్చినప్పుడు ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూశాడు. "డైరీ సాహబ్ అంటే మీరేనా?"

"నేనే."

"ఆ ఫారం మీ దగ్గరికి తేవడానికి ముందు నా దగ్గరికి తెచ్చారు. నంబరు కలిసింది, సంతకం పెట్టి పారెయ్యండి అన్నాను. నా దోస్తు రాయాలి అన్నారు. రాయనివ్వండి, మధ్యలో మార్చిన సంగతి మాత్రం రాయవద్దని చెప్పండి అన్నాను. దానికి ఆయన ఏమన్నారో తెలుసా? 'ఆ మనిషి నలభై ఏళ్ళుగా ఏ రోజు ఏం జరిగిందో అది రాస్తున్నాడు. ఇది ఒక్కటి రాయకు అని నేను చెబితే, రేపటి నుంచి ఏం రాస్తాడు?' అన్నారు."

ఉస్తాద్ కుళాయి కట్టేసి, చేతులు చొక్కాకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేను కుళాయి దగ్గరే నిలబడ్డాను.

అంటే ఆ రోజు పెన్సిలు వేళ్ళ మధ్య దొర్లించినప్పుడు, ఆ పేజీ ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే నేను ఆగేవాణ్ణేమో. చెప్పలేదు.

ఇంటికి వెళ్ళి ఆ పదకొండేళ్ళ డైరీలు అలమరలోంచి దించాను. భోజనం అక్కడికే తెచ్చిపెట్టింది మా ఆవిడ. ఆదివారాలు వెతకడం మొదలుపెట్టాను. ఇం. తి. చలి, మంచు, ఇం. తి. కరెంటు లేదు, ఇం. తి. ఆమెకు రక్తం ఎక్కించారు, ఇం. తి. దహనం అయిన నాలుగో రోజు, ఇం. తి. కూతురి పెళ్ళి మర్నాడు, ఇంటినిండా చుట్టాలు, ఇం. తి. ఆయనకు జ్వరం, గోడ పట్టుకుని వచ్చారు, ఇం. తి. ఐదొందల పైచిలుకు ఆదివారాలు. నా నోటులో నేను రాసింది రెండు తేదీలు, ఇంజన్ పోయిన రోజు, వచ్చిన రోజు. ఈ మధ్యదంతా నా దగ్గరే ఉంది. అది కూడా జరిగిందే. అది ఫైలులో పెట్టాలని నాకు తట్టలేదు.

ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి ఎత్తి రాశాను, ఎడమ వైపు తేదీ, కుడి వైపు ఏం జరిగిందీ. దీపాలు పెట్టే వేళకు పూర్తయింది. కింద సంతకం చేశాను.

మర్నాడు, సోమవారం. ఏడున్నరకు ట్రక్కు వచ్చింది. ఆయన కూతురు, ఉస్తాద్ అప్పటికే బండి దగ్గర ఉన్నారు. యువకుడు కాగితాలు బానెట్ మీద పెట్టుకుని చదివాడు. మొదటి నాలుగు పేజీలు నెమ్మదిగా చదివాడు, తర్వాత వేలితో గీతలు గీస్తున్నట్టు కిందికి దిగుతూ చదివాడు. ఒకచోట వేలు ఆగిపోయింది. ఏ తేదీ దగ్గరో నేను చూడలేదు.

"ప్రతి ఆదివారమూనా అంకుల్?"

"నేను చూసినవి ఇవి. నేను ఊళ్ళో లేని ఆదివారాలు ఇందులో రాయలేదు."

అతను కాగితాలు మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు ఆయన కూతురి వైపు, కాసేపు బానెట్ వైపు చూశాడు.

"అబద్ధం చెప్పను అంకుల్. ఇంజన్ మారుస్తాను. ఇది ఆ కొండలు ఎక్కలేదు. కానీ దీన్ని ఇక్కడ వదలను. మా ఇంటి వరండాలో చోటుంది." తర్వాత అడిగాడు: "ఏ వైపు తిప్పాలి?"

హ్యాండిల్ తెచ్చి రంధ్రంలో పెట్టాను. ఉస్తాద్ ప్లగ్గులు విప్పాడు. ఆయన కూతురు ఇంట్లోంచి నూనె డబ్బా, చెంచా తెచ్చి, ఒక్కో దాంట్లో ఒక్కో చెంచా పోసింది. ఎంత పోయాలో నేను చెప్పలేదు. ఆమెకు తెలుసు. యువకుడి చేతి మీద నా చెయ్యి వేసి తిప్పించాను. రెండు చుట్లు.

"ఇటేనా? వెనక్కి?"

"వెనక్కి తిప్పకూడదు."

ట్రక్కువాళ్ళు గొలుసు పట్టుకొచ్చి ముందు బంపరుకు తగిలించబోయారు. "లాగొద్దు, తోలాలి," అన్నాను తెలుగులో. వాళ్ళకు అర్థం కాలేదు. ఆయన కూతురికి అర్థమైంది. "భయ్యా, చెయిన్ నహీ," అని గొలుసు తానే తీసి పక్కన పడేసింది. ప్లగ్గులు బిగించి ఉస్తాద్ తాళం తిప్పాడు. రెండుసార్లు లేవలేదు. మూడోసారి లేచింది. నీలం పొగ వచ్చింది. పై అంతస్తు ఆవిడ బాల్కనీలోకి వచ్చి నిలబడింది, ఏమీ అనలేదు. బండి రెండు పలకల మీదుగా తనంతట తాను ట్రక్కు ఎక్కింది.

ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. ఆదివారం కాదు కదా అని కాసేపు ఆలోచించాను. తర్వాత రాశాను. సోమవారం. ఇం. తి.